తాడు మీద చేయి

నామీద మోపిన నేరాన్ని ముందుగా నేనే చదువుతాను. మీ దుబాసీ యంత్రం చదివితే దానికి లేని గాంభీర్యం వచ్చి చేరుతుంది.

"వ్యాపార సందర్శన అనుమతిపై నీలికట్టలో అడుగుపెట్టిన చోడిపల్లి సౌదామిని, ఏడవ రేవులో నాచుతాడు లాగి శ్రమ చేసినది. అందుకు ప్రతిఫలముగా రెండు కానాగంత చేపలు స్వీకరించినది. ఆ ప్రతిఫలమిచ్చిన గంటా కోర్లమ్మ, లైసెన్సు లేని యజమానిగా వ్యవహరించినది."

శిక్షలు కూడా కిందనే రాసి ఉన్నాయి. నాకు అయిదేళ్ల ప్రవేశ నిషేధం. కోర్లమ్మకు పోస్టింగు రద్దు, వచ్చే ఓడలో తిరుగు ప్రయాణం.

అధ్యక్షురాలు మార్థా లిన్ గారూ, ధర్మాసన సభ్యులారా, మెట్ల మీద నిలబడి వింటున్న తాళ్ల జట్టువారూ, సముద్రం అడుగున వేసిన తీగ మీద వింటున్న మా విశ్వవిద్యాలయ వాదసభ మిత్రులారా! సందర్శకులు ప్రతిరోజూ దినచర్య రాయాలన్నది మీ నిబంధన. నేను రాశాను. నా సమాధానం ఆ దినచర్యతోనే మొదలవుతుంది. ఒక్క వాక్యం మార్చకుండా చదువుతాను. నాకు ప్రతికూలమైన వాక్యాలను మరింత స్పష్టంగా చదువుతాను.

నమోదు 1

ఓడ దిగగానే కుడి ముంజేతికి పట్టీ బిగించి తాళం వేశారు. అధికారి మెడలో వేలాడుతూ ఆయన మాటను తెలుగు చేసే దుబాసీ యంత్రం నన్ను పలకరించింది.

"ఆర్యా, తమరు విచ్చేయుటకు గల హేతువు?"

"సమావేశం."

"శుభము. తమరు మాటలాడవచ్చును, వినవచ్చును, చూడవచ్చును, సంతకము చేయవచ్చును. శ్రమింపరాదు."

పట్టీ తెల్లగా ఉన్నంతసేపూ నేను సందర్శకురాలిని. పసుపు రంగుకు మారితే పని చేసినట్టు; అధికారి చూసేదాకా మళ్లీ తెల్లబడదట. అది నా బలాన్ని కొలవదు, చేయి కదిలే తీరును మాత్రమే గుర్తుపడుతుందట.

రేవులో పట్నాయకుని భీమేశ్వర్రావు గారు ఎదురొచ్చారు. మా తీరానికి చెందిన లంగరు సహకార సంఘానికి ఇక్కడ మేనేజరు ఆయనే. సంఘం ఇరవై ఇద్దరిని నీలికట్టకు పోస్టింగు మీద పంపింది. ఈ నగరం చుట్టూ అలల ఉధృతిని విరిచే నాచుతోటలను వాళ్లు సాకుతారు. మోటారు లాగితే నాచు తెగిపోతుంది. మనిషి చేయి అలకు లొంగి, మళ్లీ లాగుతుంది. అందుకని ఇన్ని యంత్రాల మధ్యన తాళ్లు మాత్రం ఇంకా చేతులతోనే పైకి వస్తున్నాయి. ఆ ఇరవై ఇద్దరి పోస్టింగులు పొడిగించాలని ధర్మాసనం ముందు వాదించడానికి నేను వచ్చాను. న్యాయశాస్త్రం ఇంకా పూర్తి చేయలేదు. కాని వాదసభలో ఇంతవరకు ఓడలేదు.

భీమేశ్వర్రావు గారి సంచీ జారుతుంటే అందుకోబోయాను. ఆయన వెనక్కి గెంతారు.

"వద్దమ్మా, వద్దు! నీ సంచీ నువ్వు మోస్తే ప్రయాణం. నా సంచీ నువ్వు మోస్తే కూలి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

నమోదు 2

ఇవాళ విని నేర్చుకున్నవి: నా టీ నేను వంచుకుంటే పట్టీ తెల్లగానే ఉంటుంది. పక్కవాళ్లకు వంచితే పసుపుకు తిరుగుతుంది. నా కంచం కడుక్కోవడం నేరం కాదు, రెండో కంచం కడగడం నేరం. ఏ ఒక్కరికీ ఉపయోగపడకుండా ఉండటమే ఇక్కడ సందర్శకురాలి సత్ప్రవర్తన.

జట్టువాళ్ల పట్టీలకు చట్టం తలకిందులు. పోస్టింగు మీద ఉన్నవాళ్ల పట్టీ పని వేళల్లో పసుపుగానే ఉండాలి. తెల్లబడితే పోస్టింగు చెల్లదు. అందుకే క్యాంటీన్‌లో మనుషులకు రెండే కులాలు: మాటోళ్లు, సేతోళ్లు.

కోర్లమ్మ అక్కడే పరిచయమైంది. జట్టుకు పెద్ద. మా ఊరి పక్క రేవు మనిషి. నన్ను ఎగాదిగా చూసి, పళ్లెం నా ముందుకు తోసింది.

"సోడిపల్లోల గుంటవా? మీ తాత నోరు కూడా ఇలాగే పెద్దది. అయితే ఆయనకి వల కూడా ఉండేది మరి."

"నాకు వల లేదు పిన్నీ, నోరొక్కటే."

"సాల్లే. మా పోస్టింగు పొడిగించేదాకా ఆ నోరు మూతెయ్యకు. తరవాత మూసీ."

జట్టంతా గొల్లుమంది. ఈ పొడిగింపుతో ఆమెకు ఏడో ఏడు మొదలవుతుంది. ఏడేళ్లు తెగకుండా పోస్టింగు మీద ఉన్నవాళ్లకు స్థిరనివాసం వస్తుంది. అప్పుడు తాడు వదిలేసి మూడో రేవులో చేపల పులుసు కొట్టు పెట్టుకుంటుందట. చోటు కూడా చూసి పెట్టుకుంది. తలుపుకు నీలం రంగు వెయ్యాలా, ఎరుపా అన్న దానిమీద జట్టు రెండుగా చీలి ఉంది. మధ్యలో పోస్టింగు తెగితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఆ మాట ఆమె చెప్పలేదు; నిబంధనల్లో చదివాను.

నమోదు 3

మొదటి సమావేశంలోనే దెబ్బ తగిలింది. పోస్టింగు మీద ఉన్నవారి కనీస వేతనాన్ని ధర్మాసనం పెంచింది. మా జట్టు జీతాలు ఆ గీతకు కింద ఉన్నాయి. జీతాలు పెంచే స్థితిలో సంఘం లేదు. పెంచకపోతే ఇరవై ఇద్దరూ ఓడ ఎక్కాలి.

భీమేశ్వర్రావు గారు తల పట్టుకు కూర్చున్నారు. "అయిపోయిందమ్మా. నువ్వు ఊరు చూసుకుని వెళ్లు."

నేను నిబంధన పీఠికను మళ్లీ మళ్లీ చదివాను. "యజమానిని మార్చుకొను వీలు లేని కార్మికుల రక్షణార్థము ఈ కనీస వేతనము విధింపబడినది" అని ఉంది. ఎంత సొంపైన వాక్యం! యజమానిని మార్చుకునే వీలు ఇవ్వరు, ఇవ్వనందుకు పరిహారంగా వేతనం విధిస్తారు. ఆ వేతనం అందకపోతే రక్షణార్థం ఇంటికి పంపుతారు.

సాయంత్రం జట్టు చేపలు పంచుకోవడం చూశాను. నాచుతో పాటు తాడుకు కట్టిన వలలో చేపలు పడతాయి. నాచు నీలికట్టది, చేప జట్టుది. తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా. నాకు వాదం దొరికింది.

నమోదు 4

గెలిచాను.

చేపల వాటాను కూడా వేతనంలో కలిపి లెక్కించాలని వాదించాను. కలిపితే జట్టు గీత దాటుతుంది. మార్థా లిన్ గారు దుబాసీ గుండా అడిగారు. "ఆ వాటా దయతో ఇచ్చునదా? హక్కుగా వచ్చునదా?"

"హక్కు. తాడు పట్టిన చేతికి వాటా లేకుండా పోదు. తాడు పట్టని చేతికి వాటా రాదు. శ్రమ ఉన్నచోటే వచ్చి, శ్రమ లేనిచోట రానిది శ్రమకు ప్రతిఫలమే. పేరు ఏదైనా అది వేతనమే."

ధర్మాసనం తీర్పు నా వాక్యాన్నే ఎత్తి రాసుకుంది: "తాడు పట్టిన చేతికి చేపల రూపమున వచ్చు వాటా వేతనమే." ఇరవై ఇద్దరికీ పొడిగింపు.

క్యాంటీన్‌లో కోర్లమ్మ నా బుగ్గలు రెండూ పట్టుకుని లాగింది. "ఓలమ్మో! ఇది నోరేటి, కత్తెర!" తలుపు రంగు గెలిచినవాళ్ల ఇష్టమన్నారు. నీలం అన్నాను. ఎరుపు పక్షం నన్ను ద్రోహి అంది.

నా జీవితంలో ఇంత చక్కగా కట్టిన వాదం లేదని రాసుకుంటున్నాను.

నమోదు 5

తెల్లవారాక జట్టుకు చెప్పి వెళ్దామని ఏడవ రేవుకు నడిచాను. తాడు లాగుతున్నారు. బరువుగా ఉన్నట్టుంది, పాట మధ్యలో ఊపిరి వినిపిస్తోంది. నేను పక్కనుంచి నడిచి వెళ్లాలి.

మా తీరంలో లాగుతున్న తాడు పక్కనుంచి వట్టి చేతులతో ఎవరూ దాటి పోరు. పెళ్లికొడుకైనా సరే, తపాలా మనిషైనా సరే, ఒక్క క్షణం ఆగి చేయి వేసి పోతాడు. లాగనక్కర్లేదు. చేయి వెయ్యాలి, అంతే. చేయి వెయ్యకుండా దాటితే ఆ తాడు తెగాలని కోరుకున్నట్టు. పసితనంలో మమ్మల్ని ఎత్తుకుని మరీ తాడు మీద చెయ్యి ఆనించేవారు.

నేను ఆలోచించలేదు. ఆలోచించాల్సిన విషయంగా తోచలేదు. చేయి వేశాను.

చేపలు పంచేటప్పుడు కోర్లమ్మ రెండు కానాగంతలు ఆకులో చుట్టి నా చేతిలో పెట్టింది.

"నాకెందుకు పిన్నీ?"

"ఎందుకేటి? సెయ్యేసినావు గదా. ఏసినోలికి లేదంతే తాడుకి కోపం రాదేటి?"

గదికి వెళ్లి తలుపు తీయబోతూ పట్టీ చూసుకున్నాను. అది పసుపుగా ఉంది.

నమోదు 6

పట్టీ పసుపు చూసి, చేపల సంగతి విచారించి, అభియోగపత్రం పంపారు. దాంట్లో నా వాక్యమే ఉంది, నా పేరుతో సహా: తాడు పట్టిన చేతికి వచ్చు వాటా వేతనమే. వేతనం తీసుకున్నదాన్ని కనుక నేను పని చేశాను. వేతనం ఇచ్చింది కనుక కోర్లమ్మ యజమాని. లైసెన్సు లేని యజమానికి ఈ నగరంలో చోటు లేదు.

సొంత యజమానిని మార్చుకునే హక్కు లేని మనిషిని యజమానిని చేశారు. నేనే చేశాను.

భీమేశ్వర్రావు గారు చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. "తేలిక మార్గం ఉందమ్మా. కాలు జారింది, పడబోయి తాడు పట్టుకున్నాను అను. జారడం పని కాదు."

"జారలేదండీ."

"జారలేదని నీకూ నాకూ తెలుసు. తాడుకు తెలుసా?"

"మరి చేపలో?"

"ఎవరూ ఇవ్వలేదు. నువ్వే తీసుకున్నావు."

"అంటే దొంగతనం."

"దొంగతనం సందర్శకుల నేరమమ్మా. యజమాని అక్కర్లేదు. నిన్ను పంపించేస్తారు. కోర్లమ్మ మిగులుతుంది."

చెడ్డ సలహా కాదని ఒప్పుకోవాలి. దొంగ అన్న పేరు మోయడానికి నేను సిద్ధపడ్డాను.

నమోదు 7

కోర్లమ్మ సిద్ధపడలేదు.

క్యాంటీన్‌లో అందరి ముందూ అరిచింది. "నీ నోరే మా కొంప ముంచింది. వాటా కూలంటావా? ఎవులడిగారు నిన్ను?"

"అది అనకపోతే మీరంతా ఓడెక్కాలి పిన్నీ."

"అన్నావు, ఇప్పుడు నానెక్కతన్నాను. ఏటి తేడా?"

భీమేశ్వర్రావు గారి దారి చెప్పాను. "దొంగిలించానని చెప్తాను. మీ మీదికి రాదు."

ఆమె గొంతు తగ్గింది. తగ్గాక ఇంకా భయం వేసింది.

"ఆ మాట నా ముందనకు. దొంగ సెయ్యి పడిందంతే ఆ తాడు మరి ఎవులూ లాగరు. కోసి ఒడ్డున కాల్చేత్తారు. ఆరేళ్లు ఆ తాడుతో బతికినాను. దాని మీద దొంగ పేరెట్టి నాను పులుసు కొట్టు ఎట్టుకుంతానా?"

"మరేం చెయ్యమంటారు?"

"నాకేటి తెలుసు? మాటోలివి నువ్వు. నాను సెయ్యి."

ఆ రోజు టీ ఎవరికి వాళ్లే వంచుకున్నారు.

నమోదు 8

అన్ని దారులూ వేసి చూశాను. వాటా వేతనం కాదని ఇప్పుడు వాదిస్తే కోర్లమ్మ యజమాని కాదు. కాని ఇరవై ఇద్దరూ గీత కిందికి జారిపోతారు, ఆమెతో సహా. వేతనమే అంటే ఆమె ఒక్కతే పోతుంది. ఒకరా, ఇరవై ఇద్దరా అని లెక్క వేయడం మొదలుపెట్టి, ఆ లెక్క వేస్తున్నందుకు కాగితం చింపేశాను.

వాదసభలో అయితే ఈ స్థితిలో ఉన్న ప్రత్యర్థిని చూసి నేను చిరునవ్వు నవ్వేదాన్ని.

నమోదు 9

ఏడవ రేవుకు మళ్లీ వెళ్లాను. ఈసారి దూరంగా, చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాను. జట్టులో దానయ్య ఉన్నాడు. నిన్న అతని అరచేయి తాడుకు కోసుకుపోయింది. గుడ్డ చుట్టుకుని లాగుతున్నాడు, గుడ్డ ఎర్రగా ఉంది.

"ఆగొచ్చు కదా దానయ్యా?"

"ఆగితే పట్టీ తెల్లబడద్ది గదమ్మా." లాగుతూనే అన్నాడు. "నీది పసుపైతే తప్పు, నాది తెలుపైతే తప్పు. ఇద్దరం ఒకే తాడు పట్టినాం మరి."

"ఇంటి దగ్గరైతే?"

"ఇంటికాడైతే ఎప్పుడో వదిలీసి బీడీ ఎలిగించుకుందును. అయినా వాటా వచ్చును. సెయ్యేసినాను గదా."

అతను మామూలుగానే అన్నాడు. నాలుగో నమోదులో నేను రాసుకున్న చక్కటి వాదంలో పగులు ఎక్కడుందో అప్పుడు కనిపించింది.

దినచర్య ఇక్కడితో అయిపోయింది. ఇప్పుడు నా సమాధానం.

నేను జారలేదు. ఎవరూ తోయలేదు. చేయి వేశాను, చేపలు తీసుకున్నాను, వండుకుని తిన్నాను, బాగున్నాయి. అభియోగంలోని ప్రతి వాస్తవాన్నీ అంగీకరిస్తున్నాను. ఈ సభలో నేను కాదనేది నా సొంత వాక్యాన్ని. తాడు పట్టిన చేతికి వచ్చేదంతా వేతనమే అన్నాను. అది సగం నిజం. సగం నిజంతో గెలిచినందుకు మిగతా సగం నా మీదికే వచ్చింది.

ఒకే తాడు, ఒకే చేప, పంచింది ఒకే మనిషి. దానయ్యకు వచ్చింది వేతనం ఎలా అయింది? నాకు వచ్చింది వాటాగా ఎలా మిగిలింది? లాగిన బలంలో లేదు తేడా. బలాన్ని మీ పట్టీ కొలవనే కొలవదు. తేడా ఒక్కటే. నేను ఎప్పుడైనా చేయి తీసేయగలను, దానయ్య తీయలేడు. తాడు వదలగలిగినవాళ్లకు ఇచ్చేది వాటా. వదలలేనివాళ్లకు ఇచ్చేది కూలి. మా తీరంలో దానయ్య తీసుకున్నది వాటాయే. సముద్రం దాటగానే అది కూలిగా మారింది. మార్చింది కోర్లమ్మ కాదు. చేపలో ఏ మార్పూ రాలేదు. మారింది ముంజేతి మీద ఉన్నది.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. వాటా వేతనం కాదని తేలితే ఇరవై ఇద్దరూ కనీస వేతనం కిందికి పోరా అని. పోరు. మీ పీఠిక చదవండి. ఆ వేతనం "యజమానిని మార్చుకొను వీలు లేని" వారికోసం విధించారు. వీలు ఇవ్వండి, ఆ గీతతో అవసరమే ఉండదు. ఇవ్వరా? అయితే వాళ్లను తాడుకు కట్టింది మీరు. కట్టిన చేతికి ఇచ్చే కూలికి యజమాని కూడా మీరే. కోర్లమ్మ మీ కూలిని ఆకులో చుట్టి అందించింది, అంతే.

ఇది మాటలతో తేల్చుకోమని నేను అనను. మాటలతో ఇక్కడ ఒకసారి గెలిచాను; దాని ఫలితం మెట్ల మీద నిలబడి ఉంది, నన్ను చూడటం లేదు.

పరీక్ష పెట్టండి. ఏడవ రేవులో ఇది తాడు లాగే వేళ. ఈ ఒక్క లాగుడుకు ఇరవై ఇద్దరి పట్టీలూ విప్పండి. తెలుపు లేదు, పసుపు లేదు, ఓడ లేదు. చేతులు వట్టివి. అప్పుడు ఎవరు తాడు దగ్గరికి వస్తారో, ఎవరు బీడీ వెలిగించుకుంటారో మీరే గట్టు మీద నిలబడి చూడండి. వచ్చి చేయి వేసినవాళ్లు తీసుకునేది వాటా. అప్పుడు నేను తీసుకున్నదీ వాటాయే, కోర్లమ్మ నేరం చేయలేదు. ఒక్కరూ రాకపోతే, ఇన్నేళ్లుగా తాడు లాగింది మీ పట్టీలు. అప్పుడు లైసెన్సు లేని యజమాని ఎవరో ఈ బల్లకు ఆ వైపు వెతకండి. ఏది తేలినా ఓడ ఎక్కవలసింది కోర్లమ్మ కాదు.

వాదసభ మిత్రులారా, చప్పట్లు వద్దు. ఇది పోటీ కాదు.

ధర్మాసన సభ్యులారా, రేవుకు వెళ్లాలంటే ఆ తాడు పక్కనుంచే నడవాలి. మీ చేతులకు పట్టీలు లేవు. ఏం చేయాలో మీ ఇష్టం.

జట్టువారూ, చేతులు చాపండి. అధ్యక్షురాలు గారూ, తాళంచెవి మీ దగ్గర ఉంది. లేవండి, విప్పండి. ముందు కోర్లమ్మది.